రాత్రి తొమ్మిదికీ, తెల్లవారుజామున మూడుకీ ఒకే లెక్క

ఇంటర్నెట్ సంస్థలో నెట్‌వర్క్ పనులు చూసే స్నేహితుడొకడు నాకున్నాడు. డేటా పరిమితుల ప్రస్తావన వస్తే చాలు, అతని వాదన ఒక్కటే. "వందమందిలో నలుగురు రేయింబవళ్లు డౌన్‌లోడ్లు పెట్టుకుని కూర్చుంటారు. వాళ్లకు కళ్లెం వేయకపోతే మిగతావాళ్లందరికీ వీడియో ఆగి ఆగి వస్తుంది. మేము పెట్టే పరిమితి నీలాంటివాళ్ల మేలు కోసమే." వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. అతను అబద్ధమాడే మనిషి కూడా కాదు. అయినా ఈ వాదనలో ఎక్కడో మెలిక ఉందన్న అనుమానం నన్ను వదలలేదు. ఈమధ్య మా ఇంటి కనెక్షన్ నెల గడవకముందే చతికిలపడ్డాక ఆ మెలికేమిటో వెతకాలనిపించింది.

జరిగింది చిన్న విషయమే. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఏ పేజీ తెరుచుకోలేదు. రూటరు ఆపి మళ్లీ వేశాం. తీగలు ఊడదీసి పెట్టాం. ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ ఫోనుదే తప్పనుకున్నారు. చివరికి కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "ఈ నెల మీకిచ్చిన డేటా అయిపోయింది సార్. మీ ఇంట్లో ఎవరో ఎక్కువ వాడినట్టున్నారు" అంది. ఏ రోజు, ఎంత అని అడిగాను. ఆ వివరాలు తనకు కనిపించవంది. మరి ఎక్కువ వాడామని ఎలా తెలిసిందంటే, మొత్తం మాత్రం కనిపిస్తుందంది. ఆ తర్వాత అన్న మాటే నన్ను ఆలోచనలో పడేసింది. "టాప్-అప్ వేయించుకోండి సార్, అయిదు నిమిషాల్లో పాత స్పీడు వచ్చేస్తుంది."

అయిదు నిమిషాల్లో! అప్పటికి రాత్రి తొమ్మిది కావస్తోంది. ఊరంతా తెరల ముందు కూర్చునే వేళ అది. రద్దీని అదుపు చేయడానికే నా వేగం తగ్గించి ఉంటే, నేను డబ్బు కట్టగానే ఆ రద్దీ ఎక్కడికి పోతుంది? డబ్బు అందిన మరుక్షణం నెట్‌వర్క్ నన్ను మోయగలదంటే, అందకముందూ మోయగలిగేదే కదా.

స్నేహితుడు దీనికీ జవాబు చెప్పాడు. "డబ్బు అడిగితే సగం మంది వాడకం తగ్గించుకుంటారు. రద్దీని తగ్గించడమంటే అదే." కాదనలేను. ధర కూడా ఒక అదుపు సాధనమే. అయితే అదుపు చేయవలసింది ఏ వేళను అన్నదే నా ప్రశ్న.

రద్దీ గంటల్లో, కొలత నెలల్లో

ఇళ్లకు ఫైబర్ ఇచ్చే చోట్ల విస్తృతంగా కనిపించే పద్ధతి జీపాన్. ఒక గాజు తీగ మీద సెకనుకు దాదాపు 2,488 మెగాబిట్లు ఇళ్ల వైపు వస్తాయి. మధ్యలో స్ప్లిటర్ పెట్టి ఆ ఒక్క తీగనే 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. 32 ఇళ్లూ ఒకే క్షణంలో శక్తికొద్దీ లాగితే ఒక్కో ఇంటికి వచ్చేది 78 మెగాబిట్లకు మించదు. 64 ఇళ్లయితే అందులో సగం. నాకు 200 మెగాబిట్ల ప్లాను అమ్మి ఉండవచ్చు, ఆ వీధిలో అందరికీ అదే అమ్మి ఉండవచ్చు. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. పంచుకోవడం లేకుండా ఇంటింటికీ విడి లైను వేస్తే ఆ బిల్లు ఎవరమూ కట్టలేం.

కాబట్టి స్నేహితుడు చెప్పే ఇబ్బంది కల్పితం కాదు. కానీ ఆ ఇబ్బంది అంతా ఒకే క్షణంలో అందరూ లాగడంలో ఉంది. ఆ క్షణం దాటితే తీగ ఖాళీ. వాడకుండా వదిలేసిన సామర్థ్యాన్ని దాచి పెట్టే వీలు లేదు. తెల్లవారుజామున మూడింటికి ఎవరూ వాడని మెగాబిట్లను రాత్రి తొమ్మిదికి తెచ్చి ఇవ్వలేరు. అలాంటప్పుడు మూడింటికి నేను 50 గిగాబైట్ల అప్‌డేట్ ఒకటి దించుకుంటే నష్టపోయేదెవరు? ఎవరూ లేరు. అదే 50 గిగాబైట్లు రాత్రి తొమ్మిదికి దించుకుంటే పక్కింటివాళ్లకు నిజంగానే తగలవచ్చు. నెలవారీ పరిమితి ఈ రెండింటినీ ఒకే ఖాతాలో ఒకే అంకెగా రాసుకుంటుంది.

దీని ఫలితం విడ్డూరంగా ఉంటుంది. రోజూ ఎనిమిదిన్నర నుంచి పది దాకా, అంటే సరిగ్గా రద్దీ వేళలోనే, ఒక సినిమా చూసి పడుకునే మనిషి పరిమితి దరిదాపులకు కూడా రాడు. సంస్థ దృష్టిలో ఆదర్శ వినియోగదారుడు. అందరూ నిద్రపోయాక తన ఫొటోలూ ఫైళ్లూ బ్యాకప్ చేసుకునేవాడు నెల మధ్యలోనే గీత దాటి పెద్ద ఖర్చుమనిషి అనిపించుకుంటాడు. రద్దీకి కారణం మొదటివాడు, శిక్ష రెండోవాడికి.

ఈ తేడా ఇంటర్నెట్ సంస్థలకు తెలియదా? బాగా తెలుసు. పై స్థాయిలో, అంటే ఇతర పెద్ద నెట్‌వర్కుల నుంచి, వాళ్లు సామర్థ్యం కొనుక్కునే తీరు చూడండి. అక్కడ సాధారణంగా ఉండే పద్ధతికి 95వ పర్సెంటైల్ బిల్లింగు అని పేరు. నెల పొడవునా అయిదు నిమిషాలకోసారి ఎంత వేగంతో డేటా పోతోందో నమోదు చేస్తారు. 30 రోజుల నెలలో అలాంటి నమోదులు 8,640 ఉంటాయి. వాటిని పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చి, పైనున్న 5 శాతాన్ని, అంటే దాదాపు 36 గంటల విలువను, వదిలేస్తారు. మిగిలినవాటిలో పెద్ద అంకెకు డబ్బు కడతారు. నెలకు మొత్తం ఎన్ని గిగాబైట్లు పోయాయన్న ప్రశ్నే అక్కడ రాదు. ఉద్ధృతి ఎంత ఉందన్నదే ప్రశ్న. తాము కొనేటప్పుడు ఉద్ధృతి లెక్క, మనకు అమ్మేటప్పుడు మొత్తం లెక్క!

పైగా మనం చూసే వీడియోలో చాలా భాగం ఆ పై లైన్ల దాకా వెళ్లదు కూడా. నెట్‌ఫ్లిక్స్, గూగుల్ లాంటి సంస్థలు తమ సర్వర్లను నేరుగా ఇంటర్నెట్ సంస్థల ఆవరణల్లోనే పెట్టిస్తాయి. ఎక్కువ మంది చూసే సినిమా ముందే అక్కడికి చేరి ఉంటుంది. అక్కడి నుంచి మన ఇంటిదాకా ఉన్న తీగ ఎలాగూ వేసి ఉన్నదే. ఇదంతా స్నేహితుడి ముందు పెడితే కాసేపు ఊరుకుని, "పరిమితి అంకె మా ఇంజనీర్లు నిర్ణయించేది కాదు. మార్కెటింగ్‌వాళ్లను అడుగు" అన్నాడు. మా వాదనలో నాకు దొరికిన అతి పెద్ద ఒప్పుకోలు అదే.

కరెంటుకు మీటరు లేదా?

ఇక్కడ తప్పకుండా వచ్చే ఎదురు ప్రశ్న ఇది. కరెంటు ఎంత వాడితే అంత కడుతున్నాం, ఇంటర్నెట్‌కు మాత్రం ఎందుకు గింజుకోవాలి? దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఎందుకంటే దీని వెనక ఒక న్యాయమైన మనిషి ఉంది. మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఇంటర్నెట్ వాడేది మనుమరాలితో వీడియో కాల్ మాట్లాడటానికీ, సాయంత్రం ఏవో ప్రవచనాలు వినడానికీ. ఆవిడ కట్టే బిల్లుకూ, ముగ్గురు యువకులు ఉన్న ఇల్లు కట్టే బిల్లుకూ తేడా లేకపోతే అది అన్యాయం కాదా?

అన్యాయమే. కానీ పరిమితి ఉన్న చోట ఆవిడ బిల్లు తగ్గిందా? అదే అసలు పరీక్ష. గీత ఎక్కడో పైన గీస్తారు. దానికి కింద ఒక గిగాబైటు వాడినా, దాని అంచుదాకా వాడినా బిల్లు ఒకటే. గీత దాటినవాడి దగ్గర వసూలు చేసింది ఆవిడ బిల్లులో మినహాయింపుగా రాదు. కరెంటు మీటరు తక్కువ వాడినవాడికి తక్కువ బిల్లు ఇస్తుంది. డేటా పరిమితి ఎక్కువ వాడినవాడికి ఎక్కువ బిల్లు ఇవ్వడం ఒక్కటే నేర్చుకుంది. మీటరులోని సగం న్యాయాన్ని తీసుకుని, రెండో సగాన్ని వదిలేసి, దాన్నే మీటరు అంటున్నారు.

ఇంకా తేడాలున్నాయి. ఒక యూనిట్ కరెంటు తయారు కావాలంటే ఎక్కడో బొగ్గు కాలాలి, లేదా నీరు దిగాలి. లైను వేసి, పరికరాలు పెట్టి, మనుషులను నియమించుకున్నాక అదనంగా ఒక గిగాబైటు పంపడానికయ్యే ఖర్చు లెక్కలోకి రానంత స్వల్పం. ఆ కరెంటులో కూడా రద్దీ వేళకు ఒక ధర, మిగతా వేళకు మరొక ధర పెట్టే పద్ధతి చాలా దేశాల్లో ఎప్పుడో వచ్చింది. ఇక మీటరు సంగతి. కరెంటు మీటరు మన గోడ మీద, సీలు వేసి, మన కళ్ల ముందే తిరుగుతుంది. డేటా మీటరు సంస్థ సర్వర్లలో ఎక్కడో ఉంటుంది. అది చూపే అంకె, మా రూటరు చూపే అంకె ఒకదానితో ఒకటి కలిసిన నెల నాకు తెలియదు. మా రూటరు గిగాబైటును 1,024 చొప్పున గుణిస్తుందా, 1,000 చొప్పునా అన్నదాని మీదే గిగాబైటుకు 7 శాతం పైగా తేడా వస్తుంది. టెరాబైటు (వెయ్యి గిగాబైట్లు అనుకోండి) దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు 10 శాతం. దారిలో తప్పిపోయి మళ్లీ పంపిన డేటా ముక్కలు ఎవరి ఖాతాలోకి వెళ్తాయో కూడా బిల్లులో రాయరు.

మరి నిజంగానే గిగాబైటుకింత అని ధర కట్టి, తక్కువ వాడినవాళ్లకు తక్కువ బిల్లు వేస్తే ఒప్పుకుంటావా అని మీరడగవచ్చు. న్యాయంగా ఆలోచిస్తే ఒప్పుకోవాలి. మనసుకు మాత్రం రుచించదు. ప్రతి క్లిక్కుకూ వెల ఉందన్న స్పృహతో చదువూ వినోదమూ సాగవు. ఆ అయిష్టం నా ఒక్కడిదే కాదనడానికి హంగరీ ఉంది. 2014 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం గిగాబైటుకు 150 ఫోరింట్ల చొప్పున ఇంటర్నెట్ పన్ను వేయాలని చూసింది. బుడాపెస్ట్ వీధుల్లోకి జనం వేలకు వేలుగా వచ్చారు. వ్యక్తులకు నెలకింత అని గరిష్ఠ పరిమితి పెడతామన్నా చల్లబడలేదు. ఆ నెలాఖరుకే ప్రధాని ఓర్బాన్ వెనక్కి తగ్గాడు. ఎక్కువ వాడితేనే కదా ఎక్కువ పన్ను అని ఎవరూ సరిపెట్టుకోలేదు.

అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి?

పరిమితి సాంకేతిక అవసరమే అయితే, ఆ అంకె సాంకేతిక కారణాలతోనే మారాలి. అమెరికాలో పెద్ద కేబుల్, ఇంటర్నెట్ సంస్థ కామ్‌కాస్ట్ చరిత్ర చూస్తే అలా అనిపించదు. 2008లో నెలకు 250 గిగాబైట్లన్నారు. 2012లో దాన్ని పక్కన పెట్టారు. ఆ తర్వాత కొన్ని ప్రాంతాల్లో 300 గిగాబైట్లతో ప్రయోగాలు చేశారు. 2016లో 1 టెరాబైటు, 2020లో 1.2 టెరాబైట్లు. 2025లో ప్రకటించిన కొత్త ప్లాన్లలో పరిమితే లేదు. ఇన్నేళ్లలో వాడకం ఎన్నో రెట్లు పెరిగింది, రద్దీని అదుపు చేసేదన్న పరిమితి మాత్రం చివరికి మాయమైంది. మరో విచిత్రం, ఆ సంస్థే ఈశాన్య రాష్ట్రాల్లో ఈ పరిమితిని అమలు చేయలేదు. అక్కడ చాలా చోట్ల వెరైజన్ అనే మరో సంస్థ ఫైబర్ పోటీలో ఉంది, దానికి పరిమితి లేదు. ఒకే సంస్థ తీగల్లో ఒక ప్రాంతంలో ఉన్న రద్దీ మరో ప్రాంతంలో లేకుండా పోవడానికి భౌతికశాస్త్రంలో కారణం వెతకనక్కర్లేదు.

ఈ సంగతిని పరిశ్రమ పెద్దలే చెప్పారు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఒకప్పుడు అధ్యక్షుడిగా ఉండి, తర్వాత కేబుల్ సంస్థల సంఘానికి నాయకుడైన మైఖేల్ పావెల్ 2013 జనవరిలో ఒక సభలో చెప్పింది ఇదే. వాడకాన్ని బట్టి ధర పెట్టడం వెనక ప్రధాన ఉద్దేశం రద్దీ నివారణ కాదనీ, నెట్‌వర్క్ కట్టడానికైన భారీ స్థిర వ్యయాన్ని ఎవరి దగ్గర ఎంత రాబట్టాలన్నదే అసలు సంగతనీ ఆయన అన్నారు. నాకు ఆయన నిజాయితీ నచ్చింది. స్థిర వ్యయం రాబట్టుకోవడం నేరమేమీ కాదు. అలాగని చెప్పి, ఆ మేరకు నెల అద్దె పెట్టి అమ్మవచ్చు. దానికి పక్కింటివాడి మేలు అనే ముసుగెందుకు?

కెనడాలో 2011లో మరో రకం గొడవ నడిచింది. పెద్ద సంస్థల తీగలు అద్దెకు తీసుకుని పరిమితులు లేని ప్లాన్లు అమ్మే చిన్న సంస్థలు అక్కడున్నాయి. పెద్ద సంస్థలు ఆ చిన్నవాళ్లకు కూడా గిగాబైట్ల లెక్కనే బిల్లు వేయడానికి నియంత్రణ సంస్థ అనుమతించింది. అంటే పరిమితి లేని ప్లాను దొరికే చివరి తలుపూ మూసుకున్నట్టే. లక్షల మంది సంతకాలు పెట్టారు, ప్రభుత్వం జోక్యం చేసుకుంది. అదే ఏడాది నవంబరులో నియంత్రణ సంస్థ కొత్త ఉత్తర్వులిచ్చింది. చిన్న సంస్థలు నెల మొత్తం వాడకానికి కాక, రద్దీ వేళకు కావలసిన సామర్థ్యానికి డబ్బు కట్టే మార్గం దానితో ఏర్పడింది. నేను పైన చెప్పిన ఉద్ధృతి లెక్కే అది.

2020 మార్చి సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. లోకమంతా ఒక్కసారిగా ఇళ్లలో కూర్చుని ఇంటర్నెట్ మీద పడింది. పరిమితులు అత్యవసరమయ్యే ఘడియ అంటూ ఏదైనా ఉంటే అది అదే. సరిగ్గా అప్పుడే అమెరికాలో కామ్‌కాస్ట్, ఏటీ అండ్ టీ పరిమితులను కొన్నాళ్లు ఎత్తేశాయి. నెట్‌వర్కులు కుప్పకూలలేదు. అయితే ఈ ఉదాహరణ పూర్తిగా నా పక్షానే ఉందని చెప్పను. యూరప్‌లో ఒత్తిడి పెరుగుతుందన్న భయంతో యూరోపియన్ కమిషన్ అడగగా, నెట్‌ఫ్లిక్స్ 30 రోజుల పాటు తన వీడియో డేటా రేటును దాదాపు పావు వంతు తగ్గించింది. రద్దీ భయం నిజమైనదే. కానీ ఆ భయం పట్టుకున్నప్పుడు నిపుణులు చేసిన పని చూడండి. నెలకు ఇంతే చూడాలని ఎవరికీ చెప్పలేదు. ఆ క్షణంలో పారే ఉద్ధృతిని తగ్గించారు.

ఇంట్లోకి వచ్చిన కాపలా

డబ్బు సంగతి అలా ఉంచితే, పరిమితి ఇంట్లో మనుషుల మధ్య చేసే పని నాకు ఎక్కువ చికాకు తెప్పిస్తుంది. కస్టమర్ కేర్ అమ్మాయి "ఎవరో" అన్న ఒక్క మాటతో మా ఇంట్లో రెండు రోజులు విచారణ సాగింది. ఎవరి వంతు ఎంతో చెప్పగల సాధనం ఎవరి దగ్గరా లేదు కాబట్టి, విచారణ సహజంగానే చిన్నవాళ్ల మీదికి వెళ్లింది. ఆన్‌లైన్ పాఠాలు వినే పిల్ల, ఆటలాడే పిల్లవాడు సంజాయిషీ చెప్పుకోవాలి. పెద్దవాళ్లు సోఫాలో కూర్చుని ఒకటి తర్వాత ఒకటి నడిపించే సిరీస్‌ను మాత్రం ఎవరూ డేటా అనుకోరు. లెక్క చెప్పాలంటే, నెట్‌ఫ్లిక్స్ స్వయంగా ఇచ్చిన అంచనా ప్రకారం అత్యధిక నాణ్యతలో గంటకు 7 గిగాబైట్ల దాకా ఖర్చవుతాయి. రోజుకు నాలుగు గంటలైతే నెలకు 840. పిల్లల పాఠాలు దీని ముందు ఏపాటి?

2012లో కొందరు పరిశోధకులు దక్షిణాఫ్రికాలో పరిమితులతో బతుకుతున్న 12 ఇళ్లను అధ్యయనం చేశారు. అక్కడివాళ్లను వేధించినవి మూడు. ఎంత మిగిలిందో తెలియకపోవడం, ఏది తింటోందో అంతుపట్టకపోవడం, ఇంట్లో ఒకరికి మించి వాడుతుండటం. అది చదువుతుంటే మా ఇంటికి ఎవరో వచ్చి రాసుకుని వెళ్లినట్టే ఉంది. ముఖ్యంగా రెండోది. ఇప్పటి పరికరాలు మనల్ని అడిగి పనిచేయవు. ఫోను ఫొటోలను పైకి పంపుతుంది. టీవీ తనకు తానే అప్‌డేట్ అవుతుంది. తలుపు దగ్గరి కెమెరా రోజంతా వీడియోను ఎక్కడికో పంపుతూనే ఉంటుంది. ఆపుదామంటే మీట ఎక్కడుందో తెలియదు.

ఆపగలిగినవాళ్లు ఏది ఆపుతారు? సెక్యూరిటీ అప్‌డేట్లు. సినిమా మానుకోవడం కంటే అది తేలిక, వెంటనే నష్టం కనిపించదు కూడా. అలా పరిమితికి భయపడి కంప్యూటర్‌లో అప్‌డేట్లు ఆపేసి, ఆపినట్టు కూడా మరిచిపోయినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. ఆ కంప్యూటర్ మీదే బ్యాంకు పనులు చేస్తారు.

ఈ కాపలా అందరి మీదా ఒకేలా ఉండదన్నది మరో కోణం. సంస్థ తన సొంత వీడియో సేవను లెక్కలోంచి తప్పిస్తే ఏమవుతుంది? 2015లో కామ్‌కాస్ట్ తన స్ట్రీమ్ టీవీని పరిమితి నుంచి మినహాయించింది. అది ఇంటర్నెట్ మీద కాక తమ కేబుల్ వ్యవస్థ మీద వస్తుందని వాళ్ల వివరణ. చూసేవాడికి మాత్రం అర్థమయ్యేది ఒక్కటే, మావాళ్ల సినిమా చూస్తే మీటరు తిరగదు, పోటీవాళ్ల సినిమా చూస్తే తిరుగుతుంది. పరిమితి ఎంత బిగుతుగా ఉంటే ఈ మినహాయింపు అంత విలువైనదవుతుంది. భారత నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలో, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. యూరప్‌లో 2021 సెప్టెంబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఇలాంటి మినహాయింపులు నెట్ సమానత్వానికి, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సేవలనూ ఒకేలా చూడాలన్న నియమానికి, విరుద్ధమని తేల్చింది. పరిమితి అంటూ లేకపోతే ఈ కేసులే ఉండేవి కావు.

వేగం తగ్గిస్తే చాలదా?

అదనపు బిల్లు వేయం, వేగం మాత్రం తగ్గిస్తాం అనే సంస్థలు తామెంతో దయగలవాళ్లమన్నట్టు మాట్లాడతాయి. ఎంతకు తగ్గిస్తారన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో పరిమితి దాటాక కూడా వేగం 512 కిలోబిట్లకు తగ్గకూడదని 2016లో ట్రాయ్ ఆదేశించింది. అసలు ఏ కనీసమూ లేకపోవడం కంటే అది మేలే. కానీ ఆ వేగంతో 2.5 మెగాబైట్ల సాదా వార్తల పేజీ తెరుచుకోవడానికి 40 సెకన్లు పడుతుంది. 100 గిగాబైట్ల ఆట ఒకటి దించాలంటే 18 రోజులు కావాలి. భారత్‌లో 2023 నుంచి బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనమే 2 మెగాబిట్లకు పెరిగింది. ఆ వేగంతోనైనా అదే ఆటకు నాలుగున్నర రోజులకు పైగా పడుతుంది.

పై వేగం పెరిగే కొద్దీ ఈ అసంబద్ధత ఇంకా పెరుగుతుంది. సెకనుకు 1,000 మెగాబిట్ల ప్లాను కొని, దానికి 1.2 టెరాబైట్ల పరిమితి ఉందనుకోండి. ప్రకటనలో పెద్దక్షరాలతో వేసిన ఆ వేగాన్ని పూర్తిగా వాడితే నెల కోటా 2 గంటల 40 నిమిషాల్లో అయిపోతుంది. అంత వేగంతో నెల పొడవునా ఎవరూ వాడరని నాకూ తెలుసు. అయినా వేగాన్ని బట్టి ఎక్కువ ధర వసూలు చేసి, ఆ వేగాన్ని వాడితే మళ్లీ ఎక్కువ ధర వసూలు చేయడాన్ని ఒకే వస్తువును రెండుసార్లు అమ్మడం అనక ఇంకేమనాలి? ఒక్కో క్షణంలో నేను ఎంత లాగగలనో వేగమే నిర్ణయిస్తుంది. పక్కింటివాడికి నా వల్ల కలిగే ఇబ్బందికి గరిష్ఠ హద్దు అదే, దానికి నేను ముందే డబ్బు కట్టాను.

నేను దేనికి ఒప్పుకుంటాను

ఏ అదుపూ వద్దని నా వాదన కాదు. రద్దీ ఉన్న గంటలో, ఉన్న సామర్థ్యాన్ని ఇళ్లన్నిటికీ సమంగా పంచి, ఎక్కువ లాగుతున్నవాడిని ఆ గంటకు వెనక్కి నెట్టినా నాకు అభ్యంతరం లేదు. గంట గడిచాక వదిలేయాలి, అంతే. పరిమితి పెట్టి తీరాలంటే రాత్రి పొద్దుపోయాక వాడింది లెక్కలోకి రాకూడదు. ఇది అసాధ్యమేమీ కాదు. స్టార్‌లింక్ 2022 నవంబరులో నెలకు 1 టెరాబైటు ప్రాధాన్య డేటా (రద్దీలో ముందు వరుసలో పోయే డేటా) పద్ధతిని ప్రకటించినప్పుడు, రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా వాడినదాన్ని లెక్కించబోమని చెప్పింది. ఉపగ్రహాల మీద నడిచే సంస్థకు సాధ్యమైన లెక్క తీగ మీద నడిచే సంస్థకు ఎందుకు కుదరదు?

"జనానికి గందరగోళంగా ఉంటుంది, ఒకే అంకె అయితే గుర్తుంటుంది" అన్నది స్నేహితుడి జవాబు. ఇందులో కొంత నిజముంది. నియమం సరళంగా ఉండాలి. అయితే ఇప్పుడున్న ఒకే అంకె కూడా ఎవరికీ గుర్తుండదు, దాటినప్పుడే తెలుస్తుంది. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద సంస్థలు ప్రతి ప్లాన్‌కూ ఆహార పొట్లాల మీది పట్టికలాంటి చీటీ చూపాలి. ధర, వేగం, ఎంత డేటా, దాటితే ఎంత అన్నీ ఒక చోటే. అలాంటి చీటీ అన్ని చోట్లా వస్తే, అందులో రాత్రి వేళ అనే మరొక గడి చేర్చడం పెద్ద పని కాదు.

నాకు ఇంకా తేలని సంగతి ఒకటి మిగిలింది. ఇళ్లకు తీగ లేకుండా, టవరు నుంచి 5జీ మీదుగా బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం పెరుగుతోంది. అక్కడ పంచుకునేది గాలిలోని స్పెక్ట్రమ్. గాజు తీగ అయితే రెండు చివరలా పరికరాలు మార్చి, అదే తీగ మీద 2.5 గిగాబిట్ల చోట 10 గిగాబిట్లు పంపవచ్చు. స్పెక్ట్రమ్‌ను అలా పెంచుకోలేం. పైగా ఆ టవరునే వీధిలో నడుస్తున్నవాళ్ల ఫోన్లూ వాడుకోవాలి. అక్కడ స్నేహితుడి వాదనకు తీగ మీద లేని బలం వస్తుంది. అలాంటి కనెక్షన్‌కు పరిమితి పెడితే నేను గొడవకు దిగను. కాకపోతే ఆ టవరు ఏ గంటల్లో నిండుతోందో సంస్థ బయటపెట్టాలి, ఆ గంటల్లో వాడినదే లెక్కించాలి. ఈ మాట చెబితే స్నేహితుడు, టవర్ల వారీ రద్దీ వివరాలు పోటీదారుల చేతికి చిక్కుతాయని, సంస్థలు చచ్చినా ఇవ్వవని అన్నాడు. మేమిద్దరం ప్రస్తుతం అక్కడే ఆగి ఉన్నాం.